గోడ లేని కిటికీ

కుసుమకి కావలసింది ఒక్క కిటికీ. అది సముద్రం వైపు తెరుచుకోవాలి, అంతే.

గది కూడా కావాలనుకోండి. గది లేకుండా కిటికీ ఎవరు పెడతారు? కానీ తెల్లవారుజామున సగం మెలకువలో, సునీల్ చెయ్యి తన నడుము మీద బరువుగా ఉన్నప్పుడు వచ్చే ఆ కలలో, ఆమెకి గది ఎప్పుడూ కనిపించలేదు. కిటికీ మాత్రమే కనిపించేది. నీలం రంగు రెక్కలు, చిన్న గడియ, కమ్మీకి ఆరేసిన చీర. ఆ చీర గాలికి ఎగిరినప్పుడల్లా దాని కింద నుంచి సముద్రం తొంగి చూసి మళ్ళీ దాక్కునేది.

పెళ్ళయి మూడు నెలలు. కుసుమ తండ్రి వేట మానేసి కాశీబుగ్గ మార్కెట్లో ఎండుచేపల కొట్టు పెట్టుకున్నాడు. అందుకని చిన్నప్పటి నుంచీ ఆమెకి ఎండిన చేపలే తెలుసు, తడి సముద్రం తెలియదు. టెక్కలిలో బీకాం చదివి, కాశీబుగ్గలో ఒక ఆడిటరు దగ్గర ఏడాది పనిచేసి, ఉద్దానం తీరంలోని ఈ ఊరికి కోడలై వచ్చాక గానీ ఆమెకి ఒక సంగతి అర్థం కాలేదు. సముద్రం చుట్టాల పెళ్ళిళ్ళప్పుడే కాదు, రోజూ ఉంటుంది! పళ్ళు తోముకునేటప్పుడు ఉంటుంది, పప్పు తాలింపు వేసేటప్పుడు ఉంటుంది. ఆ మాట మొదటి వారంలో అత్తగారు వరహాలమ్మతో అంటే ఆవిడ గరిటె పట్టుకునే పగలబడి నవ్వింది.

"ఓలమ్మో! మరి అదెక్కడికెల్తాదే గుంటా?"

చిక్కల్లా ఏమిటంటే, కొత్త దంపతులకిచ్చిన గదికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి జోగమ్మ గోడ వైపుకి ఉంది. ఆ గోడ మీద ఒక బల్లి కాపురం ఉంటోంది. మూడు నెలల్లో కుసుమకి ఆ బల్లితో మంచి స్నేహం కుదిరింది కానీ బల్లి సముద్రం కాదు కదా.

ఒకరోజు పొద్దున్నే సునీల్ ఆమెని డాబా మీదికి తీసుకెళ్ళాడు. విశాఖపట్నంలో మందుల కంపెనీలో నాలుగేళ్ళు దాటి పనిచేసి, ఇంటికి దగ్గరగా ఉండొచ్చని ఆ ఉద్యోగం వదిలేసి వచ్చాడతను. మూలపేట పోర్టు పనుల్లో కొత్త ఉద్యోగం ఖాయమైంది. జూన్‌లో చేరాలి. అంతవరకూ చేతిలో ఖాళీ, పక్కన కొత్త పెళ్ళాం. లోకంలో ఇంతకంటే సుఖపడే మనిషి ఉంటాడా అన్నట్టుండేది అతని మొహం.

"ఇదిగో, ఇక్కడ గోడ. ఇక్కడ తలుపు. ఇక్కడ మంచం," అంటూ ఖాళీ డాబా మీద అటూ ఇటూ నడిచాడు.

"మంచం సంగతి తరవాత. కిటికీ ఎక్కడ?"

సునీల్ సముద్రం వైపు తిరిగి రెండు చేతులూ చాచాడు. "ఇక్కడ."

కుసుమ అతని వెనక నిలబడి, చాచిన చేతుల మధ్య నుంచి చూసింది. వేట నిషేధం రోజులు. ఇంజను పడవలన్నీ ఇసకలో వరసగా పడుకుని ఎండ కాచుకుంటున్నాయి. వాటి వెనక పనేమీ లేనట్టు మెరుస్తూ సముద్రం.

"ఇంకొంచెం పెద్దది కావాలి బావా."

"నా సేతులింతే పిల్లా."

"అయితే నేనే దగ్గరికొస్తాను," అని ఆమె అతని భుజం మీద గడ్డం ఆనించింది. కిటికీ నిజంగానే పెద్దదయింది.

"మరి డబ్బులో?" అంది కాసేపాగి.

"పీఎఫ్ ఉంది కదేటి. ముసిలితనానికని నా జీతంలోంచి కంపెనీవోళ్ళు పట్టుకున్నది. ముసిలితనం ఎప్పుడొత్తాదో ఏటో, కిటికీ మాత్రం ఇప్పుడే కావాల. నెట్ సెంటర్ సూర్యం ఏటన్నాడంటే, కొత్త ఉద్యోగంలో సేరకముందే మొత్తం తీసీమన్నాడు. సేరిపోతే అలగ తియ్యనివ్వరట."

ఆ మాటకి కుసుమ బుర్రలో ఎక్కడో, ఆడిటరు ఆఫీసులోని పాత ఫ్యాను తిరిగినట్టు చిన్న చప్పుడయింది. కానీ కళ్ళ ముందు సముద్రం ఉంది, గడ్డం కింద వెచ్చని భుజం ఉంది. ఫ్యాను దానంతటదే ఆగిపోయింది.

మే ఒకటో తారీకు ఉదయం ఇంట్లో హడావిడి మొదలైంది. మామగారు గోవిందరావు తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. నాలుగేళ్ళ క్రితం ఒక పెద్ద అల నావని ఎత్తేసినప్పుడు ఆయన నడుం విరిగినంత పనైంది. అప్పటి నుంచీ సముద్రంలోకి వెళ్ళలేదు. మిగతా రోజుల్లో ఒడ్డున కూర్చుని వలలు బాగు చేస్తాడు. నిషేధం రోజుల్లో మాత్రం ఎవరూ పిలవకపోయినా కాపలాదారు అయిపోతాడు. ఏ కుర్రాడైనా ఇంజను పడవ వైపు అదోలా చూశాడా, "ఒరే, సేప గుడ్లు పెడతన్నాది. నీ యమ్మ నిన్ను కన్నప్పుడు మేం తలుపు తోసుకొచ్చినామేటిరా?" అని అరుస్తాడు.

పింఛన్లు పంచే సచివాలయం అమ్మాయి సంతోషి స్కూటీ మీద వచ్చి, మొహం గుర్తుపట్టడానికి ఆయన ముందు ఫోన్ పెట్టింది.

"గోవిందరావు మావయ్యా, కళ్ళు ఆర్పండి."

"ఆర్పితే ఏటిత్తావు?"

"డబ్బులిత్తాను."

"అయితే ఇదిగో," అని రెండుసార్లు ఆర్పాడు. మత్స్యకార పింఛను చేతిలో పడింది. దాన్ని కళ్ళకద్దుకుని, గోనె పట్టా పరిచి, వేట నుంచి తెచ్చిన చేపల్ని పంచినట్టు వాటాలు వేయడం మొదలెట్టాడు.

"ఇది ఇంటి వాటా." అది పెద్దది. వరహాలమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. "ఇది గంగమ్మ వాటా. ఇది వల వాటా. ఇది పడవ వాటా."

పడవ అంటే కొబ్బరిచెట్ల కింద పక్కకి ఒరిగి పడుకున్న పాత చెక్క నావ. ఊరంతా ఫైబర్ పడవలకి మారిపోయాక దానికి పని లేదు. అయినా నెల నెలా వాటా అందుతుంది. ఆ డబ్బుతో నూనె, గుగ్గిలం కొని ఆయన దానికి పూత పూస్తాడు. పక్కింటి గోడ మీద నుంచి జోగమ్మ ప్రతినెలా ఒకటే మాట అంటుంది.

"నీకు గవర్నమెంటు పింఛను, పడవకి నువ్వు పింఛనా గోయిందరావూ? దాన్ని కూడా కళ్ళార్పమన్నావేటి?"

"నీ గోడ మీద బల్లికి కూడా ఇద్దునే, కాని దానికి కార్డు లేదు!" అన్నాడాయన. జోగమ్మ నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయింది.

చివరగా పట్టా మీద ఒక చిన్న వాటా మిగిలింది. ఆయన దాన్ని తీసి కుసుమ అరచేతిలో పెట్టాడు. "కొత్త కాలు వాటా."

పెళ్ళయిన తరవాత వచ్చిన మొదటి ఒకటో తారీకునే ఆ మాటకి అర్థం చెప్పాడాయన. పడవలోకి కొత్త మనిషి ఎక్కితే మొదటి ఏడాది పని రాకపోయినా, వాంతులు చేసుకుంటూ ఓ మూల పడుకున్నా వాటా తప్పదు. అది ఆ కాలు తెచ్చిన చేపలకి. "నీ కాలు ఇంట్లో పెట్టినావు. సాలదేటి?" అన్నాడు. ఆ మొదటి వాటాతో కుసుమ చేతిలో పట్టేంత అద్దం కొనుక్కుంది. రెండో వాటాతో రెండు పుల్ల ఐసులు కొని, అత్తగారితో కలిసి ఇసకలో కూర్చుని తిన్నది. వరహాలమ్మ నాలుక ఎర్రగా అయితే కోడలి అద్దంలో చూసుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది.

ఆ సాయంత్రమే ఆవిడ అంది, "ఒకటో తారీకొక్కరోజు మీ మావ సముద్రంలోంచి వచ్చినట్టుంటాడే. మిగతా రోజులు ఊరికే ఒడ్డునుంటాడు."

కుసుమ ఆ మాటని మనసులో పెట్టుకుంది.

ఇప్పుడు కుసుమ కొత్త వాటాని గుప్పెట్లో పట్టుకుని ఉండగా, సునీల్ తండ్రికి పీఎఫ్ సంగతి చెప్పాడు. గోవిందరావు నోరు తెరిచాడు.

"నాలుగేళ్ళ నించి వలలో సేప పడుంటే ఇప్పుడా సెప్పడం? వల లాగరేటి? వలలో వొగ్గేసిన సేప ఏటవుతాదో నీకు తెల్దేటి? కుళ్ళిపోతాది, కాపోతే ఇంకోడు లాక్కుపోతాడు. రేపే ఎల్లండి. కోడల్ని కూడా తీసికెల్లు, దాని సేత్తోనే బయటికి తియ్యాల."

ఆయన దృష్టిలో అది పెళ్ళయ్యాక కొడుకు పట్టిన మొదటి వేట. కొత్త కోడలు చేత్తో గంపలోకి ఎత్తవలసిన వేట. అప్పుడే వరహాలమ్మని కొత్త గంపకి పసుపు రాయమని పురమాయించాడు కూడా.

మర్నాడు కాశీబుగ్గకి వెళ్ళే దారంతా జీడితోటలే. రాలిన జీడిపళ్ళ తీపి ఘాటు గాలిలో ముద్దగా నిలబడి ఉంది. కుసుమ బండి మీద సునీల్ వెనక కూర్చుని కళ్ళు మూసుకుంది. మూసుకుంటే ఎర్రటి వెలుగు, తెరిస్తే పచ్చటి నీడ. ఒక చోట బండి ఆపించి, రాలిన పండు ఒకటి ఏరి కొరికింది. రసం మోచేతి దాకా కారింది. "మరక పోదే పిల్లా," అన్నాడు సునీల్. "పోకపోతే ఉంటుంది," అంది. నీలం రెక్కలా, ఆకుపచ్చ రెక్కలా అని మిగతా దారంతా వాదించుకున్నారు. నీలమే గెలిచింది.

నెట్ సెంటర్లో సూర్యం చకచకా కంప్యూటర్ మీటలు నొక్కాడు. తెర మీద సునీల్ పేరు వచ్చింది. కంపెనీలో చేరిన తేదీ, మానేసిన తేదీ వచ్చాయి.

"ఒక్క ఓటీపీ సెప్పీ బావా, అయిపోనాది," అన్నాడు సూర్యం.

కుసుమ ఆ రెండు తేదీలనీ చూసింది. బుర్రలో ఆగిపోయిన ఫ్యాను గిర్రున తిరగడం మొదలెట్టింది. ఫోన్ తీయబోతున్న సునీల్ మణికట్టు పట్టుకుంది.

"వద్దు బావా. ఐదేళ్ళు నిండలేదు."

"నిండకపోతే?"

"ముందు బయటికి రా, చెప్తాను. సూర్యం అన్నయ్యా, మళ్ళీ వస్తాం."

ఎదురుగా చెరకురసం బండి ఉంది. రెండు గ్లాసులు తీసుకుని గొడుగు నీడలో నిలబడ్డారు. కుసుమ ఒక్కొక్క మాటే చెప్పింది. ఐదేళ్ళ సర్వీసు నిండకుండా పీఎఫ్ మొత్తం తీసేసుకుంటే, అది ఆ ఏడాది సంపాదించిన ఆదాయం కింద లెక్కకొస్తుంది. చేతికివ్వకముందే టీడీఎస్ అని కొంత కోస్తారు. కోసింది వెనక్కి రావాలంటే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేయాలి.

"కొయ్యొద్దని ముందే రాసిత్తే?"

"రాసిచ్చినా అది నీ ఆదాయమే కదా. జూన్ నుంచి వచ్చే జీతం కూడా దానికి కలుస్తుంది. నీ పేరు ట్యాక్సు లెక్కల్లో కనబడుతుంది. మన రేషన్ కార్డులో మావయ్య పేరు, నీ పేరు, అందరివీ ఒక్కచోటే ఉన్నాయి. ట్యాక్స్ కట్టేవాళ్ళున్న ఇంటికి పింఛను లేదు."

సునీల్ గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "నేను కట్టీది ఏటుంటాది? అంత జీతమా నాది?"

"కట్టవు బావా. చివరికి ఏమీ కట్టక్కర్లేదనే తేలొచ్చు. కానీ జోగమ్మ పిన్ని కొడుకు సంగతి గుర్తులేదా? అతనూ కట్టలేదు. కోసిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి రిటర్ను వేశాడు, అంతే. ఆవిడ పింఛను ఆగిపోయింది. మళ్ళీ వస్తుందంటున్నారు, ఇంకా రాలేదు. రోజూ కాగితాలు పట్టుకుని తిరుగుతోంది."

చెరకు గానుగ గలగలా తిరుగుతోంది. దాని గంటలు ఎంత అందంగా మోగుతున్నాయో కుసుమ గమనించకుండా ఉండలేకపోయింది. అంత దిగులులోనూ గంటలు వినపడటం తన తప్పేమో అనిపించింది.

"పోనీ మనిద్దరం కార్డు వేరు సేసుకుంటే?" అన్నాడు సునీల్ నెమ్మదిగా.

కుసుమ తలెత్తి చూసింది. కిందటి నెలలోనే ఆ కార్డులో ఆమె పేరు ఎక్కింది. ఆ రోజు పేరు చూసుకోవడానికి సంతోషి ఫోను లాక్కున్నంత పని చేసింది. గోవిందరావు, వరహాలమ్మ, సునీల్, ఆ కింద కుసుమ. నలుగురూ ఒకే పడవలో కూర్చున్నట్టున్నారు.

"నాకు కొత్త కాలు వాటా ఇంకా తొమ్మిది నెలలుంది. అంతదాకా పడవ దిగను," అంది.

సునీల్‌కి నవ్వొచ్చింది. వెంటనే మొహం వాడిపోయింది. "మరి కిటికీ?"

"పాత పీఎఫ్‌ని కొత్త ఉద్యోగానికి మార్పించుకుందాం. అప్పుడు ఈ నాలుగేళ్ళూ పోవు, వాటికే కొత్త నెలలు కలుస్తాయి. వచ్చే ఏడాది జీడి పూతకి ఐదేళ్ళు నిండుతాయి. ఆ తరవాత ఇంటి పనికని కొంత తీసుకుంటే ట్యాక్సూ ఉండదు, భయమూ ఉండదు." జీడి పూత అంటే ఎక్కడో ఉంది. నీలం రెక్కలు గాలికి ఊగుతూ ఊగుతూ అంత దూరం వెళ్ళిపోయాయి.

"నాన్నకేటి సెప్పాల?" అన్నాడు సునీల్. "నీ పింఛను పోతాదంటే ఏటంటాడో నాకు తెలుసు. పోతే పోనీ, ముందు కోడలికి కిటికీ కట్టీ అంటాడు."

కుసుమకీ తెలుసు. ఒకటో తారీకు గోనె పట్టా ఖాళీగా పరిచి ఉన్నట్టు, ఉతికిన చొక్కా వేసుకుని ఆయన దాని ముందు ఊరికే కూర్చున్నట్టు ఆమెకి కనిపించింది. పింఛను మాట ఆయన ముందు ఎత్తకూడదని ఇద్దరూ ఒట్టేసుకున్నారు.

ఇంటికి చేరేసరికి అరుగు మీద పసుపు రాసిన కొత్త గంప ఎదురు చూస్తోంది. గంప పక్కన గోవిందరావు.

"వచ్చినాదా?"

"లేదు నాన్నా," అన్నాడు సునీల్. "ఇప్పుడు తీసుకోలేదు. వచ్చే ఏడు తీసుకుంటాం."

గోవిందరావు మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. "వల దాకా ఎల్లి లాక్కుండా వచ్చీసినారా?"

"ఇప్పుడు తీస్తే పన్ను కోస్తారు మావయ్యా," అంది కుసుమ.

"కొయ్యనీ! రేవులో సేపలమ్మితే షావుకారు కొయ్యడేటి? కోసింది పోగా మిగిలింది మనదే. ఆ మాత్రానికి మొదటి వేట వొగ్గీసి వత్తారా? ఊళ్ళో అందరికీ సెప్పినాను నాను, నా కోడలికి మేడ మీద గది కడతన్నాడు నా కొడుకు అని!"

"నాన్నా, కొయ్యడం ఒకటే కాదు, నీ..." అని సునీల్ నోరు జారబోయాడు. వరహాలమ్మ తలుపు చాటు నుంచి కళ్ళతోనే వాడి నోరు మూసేసింది. చెప్పకుండానే ఆవిడకి అంతా తెలిసిపోయినట్టుంది. రోజూ జోగమ్మ ఏడుపు గోడ ఇవతలికి వినపడుతూనే ఉంది మరి.

కుసుమ దగ్గర ఆడిటరు ఆఫీసులో నేర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవేవీ ఈ అరుగు మీద నిలబడవు. దూరంగా ఇసకలో పడవలు కనిపించాయి. ఇంజన్లు విప్పేసి, తాళ్ళు కట్టేసి, సముద్రం వైపు చూస్తూ పడుకున్న పడవలు. వాటిని చూస్తూ ఆమె గంప పక్కన కూర్చుంది.

"మావయ్యా, ఇవాళ మన పడవలెందుకు వేటకెళ్ళలేదు?"

"ఏటా ప్రశ్న? నిషేధం కదేటి."

"సముద్రంలో చేప లేకనా?"

"బోల్డంతున్నాది. గుడ్లేసుకునున్నాది. ఇప్పుడు పడితే ఒక్క సేపే వత్తాది. ఆగితే..." అని ఆయన ఆగిపోయాడు.

"ఆగితే?"

"ఆగితే సముద్రమంతా వత్తాది."

"పీఎఫ్‌కి కూడా నిషేధం ఉంది మావయ్యా. ఐదేళ్ళు. ఇంకా కొన్ని నెలలే మిగిలాయి. ఆ చేప ఇప్పుడు గుడ్లతో ఉంది."

గోవిందరావు గంప వైపు చూశాడు. కోడలి చేతి మీద జీడిపండు మరక వైపు చూశాడు. తరవాత లేచి, నడుం పట్టుకుని, కొబ్బరిచెట్ల వైపు వెళ్ళిపోయాడు. తన పాత నావ పక్కన కూర్చుండిపోయాడు. భోజనానికి పిలిస్తే వచ్చి తిని, మళ్ళీ నావ దగ్గరికే వెళ్ళిపోయాడు. కుసుమ పెరుగన్నం సగంలోనే వదిలేసి లేచింది. కిటికీ పోయినందుకు కాదు. ఆయనకి ఒడ్డున దొరికిన ఒక్క వేటని, వద్దని వదిలి రమ్మన్నది తనేనని.

మర్నాడు ఆమెకి మెలకువ వచ్చేసరికి కలలో ఏదో చప్పుడు. కర్ర్, కర్ర్ మని చెక్క కోస్తున్న చప్పుడు. కల అయిపోయినా చప్పుడు మాత్రం ఆగలేదు. కుసుమ కొంగు బిగించుకుని బయటికి పరుగెత్తింది.

గోవిందరావు రంపం పట్టుకుని నావ పక్క చెక్క కోస్తున్నాడు. ఏళ్ళ తరబడి నూనె తాగిన చెక్క, లోపల బెల్లం రంగులో నిగనిగలాడుతోంది.

"మావయ్యా! పడవ!"

"ఆ, పడవే. మరేటి, ఏనుగా?" అన్నాడు తలెత్తకుండా. "ఇటు రా. ఆ కొస పట్టుకో."

ఆమె పట్టుకుంది. చెక్క ఊగకుండా రెండు చేతులతో అదిమింది.

"ఓలే, నా పింఛను పోతాదని సెప్పడానికి సేపలూ గుడ్లూ నిషేధాలూ అంత సుట్టు తిరగాలేటి?" అన్నాడాయన ఉన్నట్టుండి.

కుసుమ చప్పున తలెత్తింది. "ఎవరు చెప్పారు?"

"జోగమ్మ గోడకి నోరుంది. నాకు సెవులున్నాయి." రంపం ఆపి చెమట తుడుచుకున్నాడు. "నిన్న సెప్పుంటే నాను పోతే పోనీ అనీసేవోణ్ణి. అనీసినాక మాట వెనక్కి తీసుకోలేను. అందుకే సెప్పలేదు కాదేటి?"

"అవును మావయ్యా."

"మంచిపని సేసినావు." ఆయన రంపం పళ్ళకంటిన పొట్టు దులిపాడు. "ఒకటో తారీకు వాటాలెయ్యకపోతే నాకు బాగోదు. కాని నా వాటాల కోసం నువ్వు కిటికీ లేకుండా కూకుంటే, అదీ బాగోదు. రాత్రంతా ఈ నావనే అడిగినాను. నీకింత పింఛనిచ్చినాను కదే, ఒక్క పని సెయ్యవా అని."

నాలుగు రోజుల్లో కిటికీ చట్రం తయారైంది. చుట్టూ నావ చెక్క, మధ్యలో రెండు కమ్మీలు. రెక్కలకి సునీల్ నీలం రంగు వేశాడు. సగం అతని చేతులకి, కొంత కుసుమ ముక్కుకీ అంటుకుంది. ముగ్గురూ కలిసి దాన్ని డాబా మీదికి ఎక్కించి, సునీల్ చేతులు చాచి చూపించిన చోటే రెండు వెదురు గుంజల మధ్య వల తాడుతో బిగించి కట్టారు. గోడ లేదు, కప్పు లేదు. ఖాళీ డాబా మీద ఒక కిటికీ నిలబడి ఉంది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి ఆగి చూశారు.

జోగమ్మ తన పెరట్లోంచి తలెత్తి అరిచింది. "ఏటే కుసుమా, కిటికీ వచ్చినాది, గదెక్కడ?"

"వెనకాల వస్తోంది పిన్నీ. నడిచి వస్తోంది, అందుకే ఆలస్యం!"

జూన్ ఒకటో తారీకున సంతోషి వచ్చింది, మావయ్య కళ్ళు ఆర్పాడు, గోనె పట్టా మీద వాటాలు పడ్డాయి. ఇంటి వాటా, గంగమ్మ వాటా, వల వాటా. పడవ వాటా దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"ఈ నెల నించి ఇది కిటికీ వాటా. ఉప్పుగాలికి వొగ్గీకూడదు, నూనె పుయ్యాల."

ఆ వెంటనే కొత్త కాలు వాటా కుసుమ అరచేతిలో పడింది. ఆ డబ్బుతో ఆమె కిటికీకి చిన్న గడియ కొంది. గోడే లేని కిటికీకి గడియ ఎందుకని సునీల్ అడిగితే, దొంగలు రాకుండా అంది.

ఆ వారమే సునీల్ పోర్టు ఉద్యోగంలో చేరాడు. చేరగానే పాత పీఎఫ్‌ని కొత్త ఖాతాకి మార్పించమని అడిగాడు. అది మారినట్టు ఫోన్‌లో మెసేజ్ వచ్చిన రోజు కుసుమ సేమ్యా పాయసం వండి, కొత్త గంపలో గిన్నె పెట్టి మామగారికి ఇచ్చింది. "వల బాగానే ఉంది మావయ్యా, చేప లోపలే ఉంది," అని చెప్పింది. ఆయన పాయసం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

నిషేధం ముగిసిన ఉదయం కుసుమ డాబా మీద కిటికీ ముందు పీట వేసుకుని కూర్చుంది. నీలం రెక్కలు తెరిచింది. ఒక్కొక్క పడవే కిటికీలోకి వచ్చింది. ఎడమ చెక్క దగ్గర పుట్టి, మొదటి కమ్మీ దాటి, రెండో కమ్మీ దాటి, కుడి చెక్కలోకి మాయమైంది. కింద గోవిందరావు ఒడ్డున నిలబడి ఒక్కో పడవనీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆ పిలుపులు కూడా కిటికీలోంచే వచ్చినట్టున్నాయి. చెక్క నుంచి ఇంకా గుగ్గిలం వాసన వస్తోంది. కుసుమకి తను నావలోనే కూర్చున్నట్టు, డాబా నెమ్మదిగా ఊగుతున్నట్టు అనిపించింది.

అంతలో వెనక బండి స్టార్టయిన చప్పుడు. సునీల్ డ్యూటీకి బయలుదేరాడు. కుసుమ గబుక్కున లేచి, కిటికీ చుట్టూ తిరిగి అవతలి వైపుకి వచ్చి, అదే కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. కమ్మీల మధ్య టిఫిన్ క్యారేజీ, నీలం మరక ఇంకా పోని ఒక చెయ్యి, జీడితోటల మధ్యకి దారి. అతను వెనక్కి తిరిగి, కిటికీలో ఆమెని చూసి, బండి మీదే చేతులు రెండూ చాచబోయి, పడిపోబోయి, మళ్ళీ హ్యాండిల్ పట్టుకున్నాడు.

ఇటు వైపు మొగుడు, అటు వైపు సముద్రం! గోడ కట్టేశాక ఈ కిటికీకి ఒక్క వైపే ఉంటుంది కదా అని ఆమెకి అప్పుడే తట్టింది.

జీడి పూత మరీ అంత తొందరగా రాకపోయినా ఫరవాలేదనుకుంది.